ప్రత్యేక విద్యలో డాక్టరేటు: డెల్టాకు అందని చదువేనా?

విజయవాడ: ప్రభుత్వ పాఠశాలల్లో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చదువు చెప్పేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 2,260 ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. వీటిలో 1,136 సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుల పోస్టులు కాగా, 1,124 స్కూలు అసిస్టెంట్ పోస్టులు. సుప్రీంకోర్టు ఆదేశాల మీదట వెలువడిన ఈ నిర్ణయం డెల్టా గ్రామాల్లోని అనేక కుటుంబాలకు కొంత ఊరట. చూపు లేని బిడ్డో, వినికిడి లేని బిడ్డో, బుద్ధి ఎదుగుదల మందగించిన బిడ్డో ఉన్న ఇంటికి, బడిలో ఆ బిడ్డ గురించి తెలిసిన మనిషి ఒకరు ఉంటారన్న ఆశ కలిగింది.

అయితే ఈ పోస్టుల వెనుక మరొక ప్రశ్న దాగి ఉంది. ఆ ఉపాధ్యాయులను తయారు చేసేది ఎవరు? వారికి బోధించే అధ్యాపకులను తయారు చేసేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే, గ్రామీణులకు ఎంతో దూరంగా కనిపించే ఒక చదువు దగ్గర ఆగవలసి వస్తుంది. అదే ప్రత్యేక విద్యలో డాక్టరేటు. పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోవడానికే ఈ చదువు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అవనిగడ్డలోనో, కైకలూరులోనో, తిరువూరులోనో ఒక మూగ చెవిటి పిల్ల రెండు ముక్కలు రాయగలగడానికీ, ఈ డిగ్రీకీ దగ్గరి సంబంధం ఉంది.

గొలుసులో పై లంకె

ప్రాథమిక పాఠశాలలో ప్రత్యేక ఉపాధ్యాయునిగా పనిచేయాలంటే ప్రత్యేక విద్యలో రెండేళ్ల డిప్లొమా కావాలి. ఉన్నత పాఠశాలకైతే బి.ఇడి. స్పెషల్ ఎడ్యుకేషన్ ఉండాలి. అంతేకాక భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు నమోదై ఉండాలి. 1992 నాటి చట్టంతో ఏర్పడిన ఈ మండలి, నమోదు లేనివారు ఈ వృత్తి చేయడానికి వీల్లేదని నిబంధన పెట్టింది. వైద్యునికి వైద్య మండలి రిజిస్ట్రేషన్ ఎలాంటిదో, ప్రత్యేక ఉపాధ్యాయునికి ఇది అలాంటిది.

డిప్లొమా, బి.ఇడి. చెప్పే కళాశాలల్లో అధ్యాపకులు ఎం.ఇడి. స్పెషల్ ఎడ్యుకేషన్ చదివినవారై ఉండాలి. ఎం.ఇడి. చెప్పే శాఖ నడవాలంటే డాక్టరేటు ఉన్నవారు కావాలి. డాక్టరేటు చేయించాలంటే అంతకుముందే డాక్టరేటు పొందిన గైడు కావాలి. ఈ గొలుసులో పై లంకె తెగితే కిందిదాకా ఆ దెబ్బ తగులుతుంది. కాలువ చివరి భూములకు నీరు అందలేదంటే తప్పు చివరి తూము దగ్గరే ఉండనక్కర లేదు, పై లాకుల దగ్గర కూడా ఉండవచ్చునని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఈ చదువు సంగతి కూడా అంతే.

చట్టం వచ్చింది, మనిషి రావాలి

చట్టాల విషయంలో దేశం వెనకబడి లేదు. 1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, అక్షరాలు పట్టుబడని అభ్యసన వైకల్యం వంటివి కొత్తగా చేరాయి. నిర్ణీత స్థాయి వైకల్యం గల ప్రతి బిడ్డకూ 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువు చెప్పాలని ఈ చట్టం ఆదేశించింది. ఇతర పిల్లలకు విద్యాహక్కు 14 ఏళ్ల వరకే ఉండగా, వీరికి 18 ఏళ్ల దాకా ఉండటం గమనార్హం.

2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వ్యవహారం మరో మలుపు తిరిగింది. రెగ్యులర్ బడుల్లో ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని ఖరారు చేయాలని కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో కేంద్రం విద్యాహక్కు చట్టం షెడ్యూలును సవరించింది. 1 నుంచి 5వ తరగతి వరకు 10 మంది ప్రత్యేక పిల్లలకు ఒకరు, 6 నుంచి 8వ తరగతి వరకు 15 మందికి ఒకరు ఉండాలన్నది ఆ సవరణ సారాంశం. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చి 7న కోర్టు మళ్లీ జోక్యం చేసుకొని, పోస్టుల సంఖ్య ప్రకటించి నియామకాలు చేపట్టాలని గట్టిగా చెప్పింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టుపై పనిచేస్తున్న ప్రత్యేక ఉపాధ్యాయుల అర్హతలను పరిశీలించి వారి సంగతి తేల్చాలని కూడా సూచించింది. రాష్ట్రంలో మంజూరైన 2,260 పోస్టుల నేపథ్యం ఇదీ.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యం ఉన్నవారు 22 లక్షల 66 వేల పైచిలుకు. అప్పుడు లెక్కించిన వైకల్యాల రకాలు 8 మాత్రమే. 21 రకాలనూ లెక్కిస్తే సంఖ్య ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

డెల్టాలో పరిస్థితి చూస్తే, సమగ్ర శిక్ష పథకం కింద మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. బడికి రాలేని పిల్లల ఇళ్లకు అక్కడి రిసోర్సు ఉపాధ్యాయులు వెళ్లి చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంది. బాపట్లలో వినికిడి లోపం గల పిల్లలకు ప్రభుత్వ గురుకుల పాఠశాల ఉంది. దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. పింఛను ఇంటికి చేరడం మంచిదే. అయితే పింఛను అన్నం పెడుతుంది గాని అక్షరం నేర్పదు. అక్షరం నేర్పడానికి, ఆ బిడ్డకు ఏ పద్ధతిలో నేర్పితే వస్తుందో తెలిసిన మనిషి కావాలి. ఆ తెలివి పరిశోధన నుంచే రావాలి.

సికిందరాబాదు దారి

ప్రత్యేక విద్య చదవాలనుకున్న డెల్టా యువతకు చాలాకాలంగా కనిపించే దారి సికిందరాబాదు వైపు పోతుంది. 1984లో అక్కడి బోయినపల్లిలో కేంద్ర ప్రభుత్వం మానసిక వికలాంగుల జాతీయ సంస్థను నెలకొల్పింది. తర్వాత దాని పేరు మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత జాతీయ సంస్థగా మారింది. వినికిడి లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా బి.ఇడి., ఎం.ఇడి. ప్రత్యేక విద్య కోర్సులు ఆ ఆవరణలో నడుస్తున్నాయి. బుద్ధిమాంద్యం గల పిల్లలకు బడి పాఠాలను నిత్యజీవితానికి పనికివచ్చేలా ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు వివరిస్తూ విజయలక్ష్మి మైరెడ్డి, జయంతి నారాయణ్ 1998లో రాసిన పుస్తకం ఆ సంస్థ నుంచి వచ్చినదే. మన ప్రాంతపు పిల్లలను చూసి, మన ప్రాంతపు బడుల్లో ప్రయత్నించి రాస్తే ఎంత ప్రయోజనమో అటువంటి పుస్తకాలే చెబుతాయి.

2014లో రాష్ట్రం విడిపోయాక ఈ సంస్థలన్నీ తెలంగాణలో ఉండిపోయాయి. కేంద్ర సంస్థలు కనుక సీట్లు అన్ని రాష్ట్రాల వారికీ తెరిచే ఉన్నాయి. కాని, అక్కడ తయారైన పరిశోధన ఇక్కడి బడులకు చేరే దారి సన్నగిల్లింది. ఆ జాతీయ సంస్థ ఆధ్వర్యంలో నెల్లూరులో ఒక సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం ఏర్పడింది. అది కొంత మేలు. అయినా కృష్ణా తీరానికి అది కూడా పొరుగూరు కాదు.

చరిత్ర చూస్తే విజయవాడకు ఉన్నత విద్య కొత్త కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టినప్పుడు దాని కేంద్రం బెజవాడే. 1930లో అది విశాఖకు తరలిపోయింది. తర్వాత విజయవాడ, గుంటూరుల నడుమ నాగార్జున విశ్వవిద్యాలయం 1976లోనూ, మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం 2008లోనూ వచ్చాయి. అంటే ఇప్పుడు డెల్టాకు ఇటొకటి, అటొకటి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ప్రత్యేక విద్యలో పరిశోధనకు వీటిని ఎంతవరకు వాడుకుంటున్నామన్నదే ప్రశ్న.

మరో సంగతి కూడా గుర్తు చేసుకోదగినది. విజయవాడలో మాంటిసోరి అన్న పేరు తెలియని ఇల్లు అరుదు. 1955లో వేగే కోటేశ్వరమ్మ ఆ పేరుతో స్థాపించిన బడి తర్వాత మహిళా కళాశాలగా పెరిగింది. 2017లో ఆమెకు పద్మశ్రీ లభించింది. అయితే ఆ మాంటిసోరి పద్ధతి ఎక్కడ పుట్టిందో చాలామందికి తెలియదు. ఇటలీకి చెందిన డాక్టర్ మరియా మాంటిసోరి 1900 ప్రాంతంలో రోము నగరంలో బుద్ధిమాంద్యం గల పిల్లలతో పనిచేసింది. వారి చేతికి వస్తువులు ఇచ్చి, తాకించి, పేర్పించి నేర్పింది. వారికి పనికివచ్చిన పద్ధతి మామూలు పిల్లలకు ఇంకా బాగా పనికివస్తుందని ఆ తర్వాతే గ్రహించింది. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయింది. ప్రత్యేక పిల్లల కోసం చేసిన పరిశోధన అందరి పిల్లలకూ మేలు చేస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

తెలుగు బిడ్డకు తెలుగు కొలత

ప్రత్యేక విద్యలో పరిశోధన ఏ భాషలో జరిగితే ఏమిటి, ఇంగ్లీషు పుస్తకాలు చదివి చెప్పుకోవచ్చు కదా అన్న వాదన ఒకటి ఉంది. ఇది పైపై వాదన. ఇంగ్లీషు నేర్చే పిల్లవాడు బి అక్షరాన్నీ డి అక్షరాన్నీ తారుమారు చేస్తే అది అభ్యసన వైకల్యానికి ఒక లక్షణమా అని అక్కడ పరిశోధించారు. తెలుగు పిల్లవాడి తంటా వేరు. ద, ధ, థ అక్షరాల మధ్య తేడా ఒక వత్తు గీత, ఒక చుక్క. ప, ష, ఫ ఒకే పోలిక. ర, ఠ మధ్య తేడా ఒక చుక్క. వీటిపైన గుణింతాలు, కింద వత్తులు. మన జిల్లా పేరునే తీసుకుంటే, ‘కృష్ణా’ అని చదవాలంటే క కింద వట్రుసుడి, ష కింద ణ వత్తు, పైన దీర్ఘం చూడాలి. రాసేటప్పుడు కలం కుడికి మాత్రమే కాక కిందికీ పైకీ పోవాలి. మూడో తరగతి పిల్లవాడు దీనిలో తడబడితే అది మామూలు తప్పా, బోధన లోపమా, వైకల్యమా అని తేల్చేందుకు తెలుగు పిల్లల మీద తయారైన కొలతే కావాలి.

ఆ కొలతలు తక్కువ. కేంద్ర ప్రభుత్వ మెదడు పరిశోధన కేంద్రం అభ్యసన వైకల్యాన్ని కనిపెట్టేందుకు 2015లో విడుదల చేసిన సాధనం తొలి విడతలో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలకే పరిమితమైంది. తెలుగుకు మొదటి పంక్తిలో చోటు దొరకలేదు. బుద్ధి పరీక్షల సంగతీ ఇంతే. దేశంలో విరివిగా వాడే బినే-కామత్ పరీక్షను కామత్ 1930లలో ధార్వాడలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచాడు. తెలుగు పిల్లవాడిని దానితో కొలవాలంటే అప్పటికప్పుడు తర్జుమా చేసుకోవాలి. ఆ తర్జుమాలో మాట పొరపాటున మారితే బిడ్డ తెలివి కొలతే మారిపోతుంది. ఆ కొలత మీదే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు మీదే పింఛను, చదువు, రాయితీలు ఆధారపడి ఉంటాయి.

చెవిటి పిల్లల చదువులోనూ తెలుగుకు ప్రత్యేక సమస్యలున్నాయి. ‘రాముడు’, ‘రాముడిని’, ‘రాముడికి’, ‘రాముడితో’ అన్న తేడాలను వినే బిడ్డ నాలుగేళ్లకే పట్టుకుంటాడు. వినని బిడ్డకు ఆ చివరి అక్షరాల మార్పులు గాలిలో కలిసిపోతాయి. సంజ్ఞల భాషలో వాటికి నేరుగా పోలిక ఉండదు. వాటిని కంటికి కనిపించేలా ఎలా నేర్పాలి? మేనరికపు పెళ్లిళ్లు మన ప్రాంతంలో ఎక్కువ. పుట్టు చెవుడుకు అవి ఒక కారణమని వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. కనుక ఈ ప్రశ్న డెల్టాకు పరాయిది కాదు. దీన్ని ఢిల్లీలోనో బొంబాయిలోనో ఎవరో తేలుస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటే పిల్లల వయసు ఆగదు.

ఇక 18 ఏళ్లు దాటిన బుద్ధిమాంద్యం గల యువకుల సంగతి. వారికి ఏ పని నేర్పాలి? పుస్తకాల్లో కొవ్వొత్తులు, కాగితపు సంచులు అని రాసి ఉంటుంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. పెడనలో కలంకారీ అద్దకం ఉంది. మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని ఉంది. ఈ పనులను చిన్న చిన్న మెట్లుగా విడగొడితే, ఏ మెట్టు ఏ యువకుడు చేయగలడో తేల్చవచ్చు. తల్లిదండ్రుల తదనంతరం ఆ బిడ్డ బతుకు ఎలాగన్న భయం ఉన్న ఇంటికి ఇంతకంటే అక్కరకు వచ్చే పరిశోధన మరొకటి ఉండదు.

ఎంత చదవాలి, ఎన్నేళ్లు పడుతుంది?

ఈ చదువుకు దిగదలచినవారు లెక్క ముందే వేసుకోవాలి. ఇంటర్ తర్వాత డిగ్రీ మూడేళ్లు, బి.ఇడి. స్పెషల్ రెండేళ్లు, ఎం.ఇడి. స్పెషల్ రెండేళ్లు. ఆపైన డాక్టరేటుకు తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. అంటే ఇంటర్ నుంచి 10 ఏళ్లు మొదలుకొని 13 ఏళ్ల దాకా. మధ్యలో ఉద్యోగం చేస్తే ఇంకా పెరుగుతుంది.

2022 నవంబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ప్రకటించిన నిబంధనల ప్రకారం పి.జి.లో 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, క్రీమీలేయర్ కాని వెనకబడిన తరగతులు, ఆర్థికంగా బలహీన వర్గాలు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. 2024-25 నుంచి జాతీయ అర్హత పరీక్ష నెట్ మార్కుల ఆధారంగానూ ప్రవేశం పొందవచ్చు. ఆ మార్కులు ఒక ఏడాది చెల్లుతాయి. అయితే నెట్‌లో ‘ప్రత్యేక విద్య’ అని వేరే సబ్జెక్టు లేదు. ‘విద్య’ అన్న పేపరే రాయాలి. కనుక ఎం.ఇడి. స్పెషల్ చదివినవారు మామూలు విద్యాశాస్త్రం, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం పాఠాలన్నీ మళ్లీ తిరగేయక తప్పదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం ఆర్‌సెట్ ప్రవేశ పరీక్షను కూడా నిర్వహిస్తూ వచ్చారు.

ప్రత్యేక విద్యకు వేరే శాఖ లేనిచోట విద్యాశాస్త్ర శాఖలోనే చేరి, ప్రత్యేక పిల్లలకు సంబంధించిన అంశాన్ని ఎంచుకోవచ్చు. పట్టా ‘విద్య’ పేరుతో వస్తుంది. ఎం.ఇడి. స్పెషల్ చదివి ఉంటే వృత్తిపరంగా దానివల్ల పెద్ద నష్టం ఉండదు.

ఇక ఖర్చు. నెట్‌లో జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయలు. 2023 జనవరి నుంచి అమలైన రేట్లు ఇవి. దివ్యాంగ విద్యార్థులకు ప్రత్యేకంగా ఏటా 200 జాతీయ ఫెలోషిప్పులు ఉన్నాయి. చూపు లేని యువకుడే చూపు లేని పిల్లల చదువు మీద పరిశోధన చేయడానికి ఇది మంచి అవకాశం. ఫెలోషిప్ దొరకనివారికి మాత్రం ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోక తప్పదు. సన్నకారు రైతు కుటుంబానికి, కౌలుదారు కుటుంబానికి ఇది చిన్న భారం కాదు.

ఆడపిల్లల విషయం వేరే చెప్పుకోవాలి. ప్రత్యేక విద్యలోకి వచ్చేవారిలో స్త్రీలు ఎక్కువ. పాతికేళ్లు దాటితే సంబంధాలు రావన్న భయంతో ఎం.ఇడి. దగ్గరే ఆపించే తల్లిదండ్రులు ఉన్నారు. వారు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. గడువు విషయంలో స్త్రీలకూ, 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవారికీ రెండేళ్లు అదనంగా ఇస్తారు. అన్నీ కలిపి పదేళ్లు మించకూడదు. ప్రసూతికి, పసిబిడ్డ సంరక్షణకు మొత్తం మీద 240 రోజుల వరకు సెలవు ఉంది. పెళ్లి చేసుకున్నంత మాత్రాన పరిశోధన వదులుకోనక్కర లేదు. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులు యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకుంటే పార్ట్ టైములోనూ చేయవచ్చు. పదేళ్లుగా భవిత కేంద్రంలో పిల్లలతో కష్టపడుతున్న ఉపాధ్యాయురాలికి పరిశోధనాంశం వెతుక్కోవలసిన పని లేదు. అది ఆమె ముందే రోజూ కూర్చుని ఉంటుంది.

మోసపోవద్దు

డాక్టరేటు మోజును సొమ్ము చేసుకునేవారు కూడా ఉన్నారు. ‘ఇంట్లో కూర్చుని ఏడాదిలో పి.హెచ్.డి.’ అన్న ప్రకటన ఎక్కడ కనిపించినా అది చెల్లని కాగితమని గ్రహించాలి. దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని పి.హెచ్.డి. ఇవ్వరాదని 2022 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. విదేశీ విశ్వవిద్యాలయాల పేరు చెప్పి ఆన్‌లైన్ డాక్టరేట్లు అమ్మే కంపెనీల గురించి గ్రాంట్ల సంఘం అదే ఏడాది అక్టోబరులో బహిరంగంగా హెచ్చరించింది. గౌరవ డాక్టరేటు వేరు, పరిశోధన చేసి పొందిన డాక్టరేటు వేరు. మొదటిది ఉద్యోగానికి పనికిరాదు.

చేరబోయే ముందు మూడు విషయాలు విచారించుకుంటే చాలు. విశ్వవిద్యాలయం గ్రాంట్ల సంఘం జాబితాలో ఉందా? గైడుకు ఆ విషయంలో డాక్టరేటు ఉందా, ఆయన దగ్గర ఖాళీ ఉందా? బి.ఇడి., ఎం.ఇడి. చదివిన కళాశాలకు ఆ ఏడాది పునరావాస మండలి అనుమతి ఉందా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. అనుమతి లేని కళాశాలలో చదివితే రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఆపై చదువులు ఎన్ని ఉన్నా ప్రత్యేక ఉపాధ్యాయ వృత్తిలో అడుగు పెట్టడం కష్టం.

గైడ్ల కరువు

నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడుగా ఉండకూడదు. ప్రొఫెసరైనా అసోసియేట్ అయినా 5 పరిశోధన వ్యాసాలు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే 3 వ్యాసాలు ప్రచురించి ఉండాలి. ఒక శాఖలో ఒక ప్రొఫెసర్, ఒక అసోసియేట్, ఇద్దరు అసిస్టెంట్లు ఉన్నారనుకుంటే ఆ శాఖ మొత్తం మీద ఒకేసారి 22 మందికి మించి చేర్చుకోలేదు. వారు బయటికి రావడానికి మూడు నుంచి ఆరేళ్లు. ప్రత్యేక విద్యకు అలాంటి నిండు శాఖ ఉండటమే గొప్ప. అధ్యాపక పోస్టులు భర్తీ కాని శాఖలో ప్రొఫెసర్ రిటైరైతే ఒక్క దెబ్బతో 8 సీట్లు పోతాయి.

దీనికితోడు 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్ లేక సెట్ ఉంటే చాలు, డాక్టరేటు తప్పనిసరి కాదని నిబంధన మార్చారు. పేద విద్యార్థులకు ఇది మేలే. కాని ఉద్యోగం వచ్చాక పరిశోధన వైపు చూడనివారు పెరిగితే రేపటి గైడ్లు ఎక్కడి నుంచి వస్తారు? డాక్టరేటు లేనివారు గైడు కాలేరు.

సిద్ధాంత గ్రంథం బీరువాలో ఉంటే

డాక్టరేట్ల సంఖ్య పెరిగినంత మాత్రాన పని జరిగిపోదు. ఉపాధ్యాయుల వైఖరి ఎలా ఉంది, తల్లిదండ్రుల అభిప్రాయం ఏమిటి అంటూ ప్రశ్నపత్రాలు పంచి, టిక్కులు లెక్కపెట్టి, శాతాలు వేసి ముగించే పరిశోధనలు మన విద్యాశాస్త్ర శాఖల్లో కొత్త కాదు. అవి గ్రంథాలయం బీరువాలో కూర్చుంటాయి. ఇంగ్లీషులో ఉంటాయి కనుక మండలంలోని ఉపాధ్యాయుడు చదవడు. చదివినా రేపటి పాఠానికి పనికివచ్చేది అందులో దొరకదు. ముందు ఊళ్లో టీచరును వేయండి, డాక్టర్ల సంగతి తర్వాత చూద్దాం అని గ్రామస్థులు అంటే అందుకు ఇదే కారణం. ఆ మాటలో న్యాయం ఉంది.

అయితే దీనికి పరిశోధన మానుకోవడం విరుగుడు కాదు. పరిశోధన పొలం గట్టు దాకా రావాలి. కొత్త వరి వంగడాన్ని పరిశోధన క్షేత్రంలో ఒక్కసారి పండించి రైతుకు ఇవ్వరు. రైతుల పొలాల్లో చిరుసంచుల దశలో పరీక్షించి, పనికివస్తుందని తేలాకే విడుదల చేస్తారు. బాపట్ల, మారుటేరు, మచిలీపట్నం పరిశోధన కేంద్రాల పని డెల్టా రైతుకు తెలియనిది కాదు. పిల్లల చదువులో కూడా అదే పద్ధతి ఎందుకు ఉండకూడదు?

చేయదగినవి

కొత్త భవనాలు, కోట్ల రూపాయలు లేకుండానే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయాలు సికిందరాబాదు జాతీయ సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని, అక్కడి అనుభవజ్ఞులను సహ గైడ్లుగా నియమించుకోవచ్చు. అప్పుడు డెల్టా విద్యార్థి ఇంటి దగ్గరే ఉండి పరిశోధన సాగించగలడు. అంగలూరు, బోయపాలెం డైట్ శిక్షణ సంస్థల్లో ప్రత్యేక విద్య డిప్లొమాకు పునరావాస మండలి అనుమతి తెస్తే, డాక్టరేటు పొందినవారికి బోధించే చోటు దొరుకుతుంది, బడులకు ఉపాధ్యాయులూ దొరుకుతారు.

పరిశోధకుడు ఎంచుకున్న పద్ధతిని కనీసం ఒక విద్యా సంవత్సరం పాటు ఒకటి రెండు భవిత కేంద్రాల్లో అమలు చేసి చూపాలన్న షరతు పెట్టవచ్చు. సిద్ధాంత గ్రంథంతోపాటు ఇరవై పేజీల తెలుగు పుస్తకం ఒకటి ఉపాధ్యాయుల కోసం రాసి ఇవ్వాలని, దాన్ని మండల విద్యాశాఖాధికారి కార్యాలయాలకు పంపాలని విశ్వవిద్యాలయాలే నియమం చేసుకోవచ్చు. కాంట్రాక్టు రిసోర్సు ఉపాధ్యాయుల్లో ఎం.ఇడి. చదివినవారికి పార్ట్ టైము పరిశోధనకు అభ్యంతరం లేదన్న పత్రం జాప్యం లేకుండా ఇవ్వాలి. ఈ చివరి పనికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

గ్రామాల వంతు కూడా ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశాల్లో మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనం గురించి అడిగినట్టే, మన బడిలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలు ఎందరు, వారికి టీచరు ఎవరు అని తల్లిదండ్రులు అడగాలి. పరిశోధకుడు వచ్చి తలుపు తట్టినప్పుడు బిడ్డను లోపలి గదిలో దాచకూడదు. లెక్కలోకి రాని బిడ్డకు పోస్టూ రాదు, పాఠమూ రాదు.

మంజూరైన 2,260 పోస్టుల్లో ఎన్ని డెల్టా బడులకు దక్కుతాయి, ఎంత నిలకడగా నిండి ఉంటాయి అన్నది ఇకపై చూడవలసిన విషయం. ఒకసారి భర్తీ చేయడం ఒక నోటిఫికేషనుతో అయ్యే పని. రిటైరైనవారి స్థానంలో ఏటా అర్హులు దొరకాలంటే మాత్రం శిక్షణ కళాశాలలు, వాటిలో అధ్యాపకులు, వారికి గైడ్లు ఈ నేల మీదే ఉండాలి. ఎం.ఇడి. పూర్తిచేసి ఇక చాలనుకుంటున్న అమ్మాయిని ఇంకో నాలుగేళ్లు చదవనిచ్చే డెల్టా కుటుంబం, తెలియకుండానే రేపటి భవిత కేంద్రాల్లోని పిల్లలకు కూడా ఫీజు కట్టినట్టే.